నీ వంతు పనేది, బిడ్డా?

మా ముదిగొండలో ఇప్పుడు ఏ ఇంటికి పోయినా పిల్లలకు అన్నీ ఉన్నాయి. మోయలేనంత పుస్తకాల సంచి ఉంది, ట్యూషన్ ఉంది, చేతిలో ఫోన్ ఉంది. ఇంటికి సంబంధించిన పని మాత్రం ఒక్కటీ లేదు. పన్నెండేళ్ళ పిల్లాడు తిన్న కంచం తిన్నచోటే వదిలేసి లేస్తాడు, తల్లి వచ్చి తీస్తుంది. పదో తరగతి పిల్ల గదిలోంచి "అమ్మా, నీళ్ళు" అని కేకేస్తుంది. నీళ్ళ బిందె ఆ గది గుమ్మం పక్కనే ఉంటుంది. చూస్తుంటే నాకు కోపం వస్తుంది. పిల్లల మీద రాదు, వాళ్ళేం చేస్తారు? వాళ్ళను అట్లా పెంచుతున్న నా కూతుళ్ళ ఈడు తల్లుల మీద, నా కొడుకుల ఈడు తండ్రుల మీద వస్తుంది. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "చదువుతోనే సరిపోతోంది టీచరమ్మా, పాపం, పనులు కూడా ఎక్కడ చేస్తారు?"

పాపం అనాల్సింది పనిలేని పిల్లల్ని చూసి. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, చదువు విలువ తెలియక మాట్లాడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. ఇంట్లో తనకంటూ ఒక పని ఉన్న పిల్లను బడిలో నేను ఇట్టే గుర్తుపట్టేదాన్ని. ఆ పిల్ల తన పలక తనే చూసుకునేది. పక్క పిల్లకు జ్వరమొస్తే ముందు లేచేది. లెక్క తప్పితే ఏడవకుండా మళ్ళీ చేసేది. అది పుస్తకంలోంచి వచ్చిన గుణం కాదు. ఇంట్లో ఆ పిల్ల చేయకపోతే ఆగిపోయే పని ఒకటి ఉండేది, అక్కడి నుంచి వచ్చింది.

మా రోజుల్లో, అంటే నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్ళు ఇంకా మా చేలకు అందని రోజుల్లో, ప్రతి ఇంట్లో ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఒక వంతు ఉండేది. తెల్లారగట్లే పెద్దపిల్ల వాకిలి ఊడ్చి, పెండనీళ్ళు చల్లి ముగ్గు వేసేది. చేదబావి దగ్గర నీళ్ళు తోడటం కాస్త బలమున్న పిల్లల వంతు. ఆడపిల్లలు చుట్టకుదురు మీద బిందె ఎత్తుకుంటే, మగపిల్లలు కావడి వేసుకునేవాళ్ళు. కుడితి గోలెంలో కడుగునీళ్ళు, గంజి, తౌడు పోసి కలిపి బర్రెకు పెట్టడం ఒకరిది. గడ్డివాములోంచి గడ్డి దూసి వేయడం ఒకరిది. పాలు పితికాక చెంబు పట్టుకుని వాడిక ఇళ్ళకు పోయి పోసి రావడం ఇంకొకరిది. చిన్నవాళ్ళం కదా అని మమ్మల్ని ఎవరూ వదిలేయలేదు. అయిదేళ్ళ పిల్లకు కోళ్ళను గంప కింద మూసే పని ఉండేది.

ఆ కోళ్ళ పని గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నదంతా అందులోనే ఉంది. పొద్దు గూకుతుండగా కోళ్ళు ఇంటికి చేరతాయి. వాటిని ఒక్కొక్కటీ లెక్క చూసుకుని గంప కింద మూసి, గంప మీద రాయి పెట్టాలి. ఒకటి తగ్గితే దొడ్లో, కంపచెట్ల కింద వెతకాలి. మర్చిపోతే రాత్రికి అడవి పిల్లి వచ్చి పట్టుకుపోతుంది. తెల్లారి ఈకలు కనిపిస్తాయి. అమ్మ తిట్టాల్సిన పనే లేదు, ఆ ఈకలే చాలు. ఆ పిల్ల మళ్ళీ జన్మలో గంప మూయడం మర్చిపోదు. బాధ్యత గురించి మాకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. పనికి ఫలితం ఉండేది, మరుపుకు నష్టం ఉండేది, రెండూ మా కళ్ళకు కనిపించేవి.

దీపాల సంగతీ అంతే. కరెంటు లేని ఇళ్ళలో పొద్దుగూకక ముందే లాంతరు గ్లాసు తీసి, బూడిదతో మసి తుడిచి, కిరసనాయిలు పోసి, వత్తి కత్తిరించి పెట్టాలి. గ్లాసు పగిలితే కొత్తది కొనేదాకా ఇంట్లో అందరూ పొగ కక్కే బుడ్డి దీపం ముందే కూర్చోవాలి. ఎనిమిదేళ్ళ పిల్లాడి చేతికి గాజు గ్లాసు ఇచ్చేవాళ్ళు మా పెద్దవాళ్ళు. వాడు ఎంత మెల్లగా పట్టుకునేవాడో చూడాల్సింది. ఇవాళ ఎనిమిదేళ్ళ పిల్లాడికి స్టీలు గ్లాసులో పాలు కలిపి, నోటి దగ్గర పెట్టి తాగిస్తున్నారు.

పొలం పనులు కాలాన్ని బట్టి వచ్చేవి. జొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో మంచె ఎక్కి ఒడిసెలతో పిట్టల్ని తోలడం పిల్లల వంతు. పిట్ట వాలిన కంకి ఖాళీ అవుతుంది, ఖాళీ కంకి అంటే ఇంట్లో గటక తక్కువవడమే. ఆ లెక్క మంచె మీద కూర్చున్న పిల్లాడికి తెలుసు. సంక్రాంతి దాటాక మిరప కల్లం. ఎర్రటి కాయల్ని పొద్దున పరచాలి, సాయంత్రం కుప్పచేసి కప్పాలి, మంచు పడకుండా చూడాలి. తెల్లబడ్డ తాలు కాయల్ని ఏరి పక్కన పోయాలి. తాలు కలిసిందంటే మంచి కాయకు కూడా ధర తెగ్గోస్తారు. ఇప్పుడు ఖమ్మం మార్కెట్‌కు తేజ రకం మిర్చితో పేరు, విదేశాలకు కూడా పోతోంది. ఆ కాయ పండించే ఇంటి పిల్లల్లో ఎంతమందికి తాలు కాయకూ మంచి కాయకూ తేడా తెలుసో ఒక్కసారి అడిగి చూడండి. కల్లం మీద మబ్బు పట్టినప్పుడు బడి నుంచి వచ్చిన పిల్లలు సంచులు పారేసి పట్టాలు లాగటానికి పరుగెత్తేవాళ్ళు. ఏడాది కష్టమంతా ఆ కాయలేనని వాళ్ళకు ఎవరూ చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు.

ఎండాకాలం మామిడికాయ పచ్చడి పెట్టే రోజు. కాయలు కొట్టడం పెద్దల పని, కారం ఉప్పు కలపడం అమ్మ పని. జీడి తీసి, లోపలి పొర ఒలిచి, ఒక్కో ముక్కనూ పొడి గుడ్డతో తుడవడం పిల్లల పని. ఒక్క తడి ముక్క జాడీలో పడితే బూజు పడుతుంది. ఇంటిల్లిపాదీ ఏడాది పొడుగునా తినే పచ్చడి, దాని మంచిచెడ్డలు పిల్లల చేతిలో పెట్టేవాళ్ళు. ఇంతకంటే పెద్ద గౌరవం ఏముంది పిల్లలకు? వానాకాలంలో అన్నంలో పచ్చడి కలుపుకుంటూ "ఈ ముక్కలు తుడిచింది నేనే" అనుకునేవాళ్ళం. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు కోసుకురావడానికి చేల గట్ల మీద పడేవాళ్ళం. మా అన్నలు, తమ్ముళ్ళు ముందుండేవాళ్ళు. పువ్వు తేకపోతే ఆ సాయంత్రం మా వాడకు బతుకమ్మ లేదు. ఇప్పుడు ఖమ్మం బజారులో కట్ట కొనుక్కుని బండి మీద తెచ్చుకుంటున్నారు. పేర్చడానికి కూడా పిల్లలు కూర్చోవడం లేదు, ఫొటోకు మాత్రం నిలబడుతున్నారు.

కొట్టు దగ్గరి లెక్క ఇంకో బడి. రేషన్ కార్డు, డబ్బా, డబ్బులు చేతికిచ్చి కిరసనాయిలు వరసలో నిలబెట్టేవాళ్ళు. తెచ్చాక నాయన ముందు చిల్లర పెట్టి, ఏది ఎంతైందో అప్పజెప్పాలి. అణా తేడా వచ్చినా మళ్ళీ కొట్టుకు పోవాలి. కూడిక, తీసివేత నేను అక్కడ నేర్చుకున్నాను. బళ్ళో నేర్పింది దాన్ని కాగితం మీద రాయడమే. ఇప్పుడు పిల్లాడు ఫోన్ చూపించి చిప్స్ పాకెట్ తెచ్చుకుంటాడు. ఎంతైందని అడిగితే తెలియదంటాడు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, ఎంత పోయింది, ఎంత మిగిలింది అన్న మూడు ప్రశ్నలు వాడి బుర్రలోకి రానే రావు.

ఉద్యోగం చేస్తూ కొన్నేళ్ళు భద్రాచలం అడవి వైపు, దుమ్ముగూడెం దగ్గర ఉన్నాను. అక్కడి కోయ పిల్లల్ని చూస్తే నాకు మా చిన్నతనం కనిపించేది. ఇప్పపువ్వు రాలే రోజుల్లో చీకటితోనే బుట్టలు పట్టుకుని అమ్మల వెంట పోయేవాళ్ళు. వేసవి సెలవుల్లో తునికాకు తెచ్చి, ఇంటి ముందు కూర్చుని యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టేవాళ్ళు. కల్లం దగ్గర ఆకు కొనే కల్లేదారు కట్ట చూసి, ఆకు తక్కువైనా చిరిగినా తీసి పక్కన పారేస్తాడు. అందుకని ఆరేడేళ్ళ పిల్లలు కూడా యాభై తప్పకుండా లెక్కపెట్టేవాళ్ళు. జూన్‌లో బడి తెరిచాక ఆ పిల్లలకు అంకెలు నేర్పడం నాకు ఎంతో సులువయ్యేది. వాళ్ళకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి వచ్చి ఉండేది. తాము ఇంటికి కావలసినవాళ్ళమన్న నమ్మకం వాళ్ళ నడకలోనే కనిపించేది.

అది లేదు ఇప్పటి పిల్లలకు. నా గోడంతా ఇదే. తిండి ఉంది, బట్ట ఉంది, ప్రేమ ఉంది, ఫీజు కడుతున్నారు. "నువ్వు లేకపోతే ఈ ఇల్లు నడవదు" అన్న ఒక్క మాట వాళ్ళకు ఎవరూ పనిచెప్పి చూపించడం లేదు. వాళ్ళు ఇంట్లో చుట్టాల్లాగా పెరుగుతున్నారు. చుట్టానికి మర్యాద ఉంటుంది, ఇల్లు ఉండదు.

ఎందుకిట్లా అయిందో నాకు తెలుసు. నల్లా వచ్చింది, చేదబావి పోయింది. 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్ళు మా ఇళ్ళ ముందుకు వచ్చాయి. 1999లో దీపం పథకంతో గ్యాస్ సిలిండర్లు పల్లెలకు రావడం మొదలై, కట్టెల మోపులు తగ్గాయి. ఇసుర్రాయి మూలకు పడింది, మిక్సీ వచ్చింది. బర్రెలు తగ్గాయి, పాకెట్ పాలు పెరిగాయి. ఇవన్నీ మంచికే వచ్చాయి. పొగకు కళ్ళు పోగొట్టుకున్న మా అమ్మల్ని చూశాను, నీళ్ళ బిందెలకు నడుములు పోయిన మా అక్కల్ని చూశాను. ఆ కష్టం మళ్ళీ రావాలని నేను ఎన్నడూ కోరను. ఇంట్లో పిల్లలూ తగ్గారు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో తల్లికి సగటున 1.8 మంది పిల్లలు. ఏడుగురున్న ఇంట్లో పనులు పంచాల్సి వచ్చేది. ఒక్కడే ఉంటే వాడిని కాలు కింద పెట్టనివ్వరు.

నల్లా వచ్చాక, గ్యాస్ వచ్చాక ఇంటి పని ముందుగా తప్పింది పిల్లలకు, మగవాళ్ళకు. తల్లికి తప్పలేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే చూడండి. ఆరేళ్ళు దాటినవాళ్ళలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు చేస్తున్నారు. చేసే మగవాళ్ళది 88 నిమిషాలు. అసలు ఇంటిపనిలో చెయ్యి పెట్టే మగవాళ్ళే నూటికి 27 మంది, ఆడవాళ్ళు 81 మందికి పైగా. పనిలేని పిల్లలు ఊరికే తయారవలేదు. వాళ్ళ పని కూడా తల్లి నెత్తిన పడింది కాబట్టే వాళ్ళకు పని లేకుండా పోయింది.

ఇక్కడ మా రోజుల గురించి కూడా ఒక కఠినమైన మాట చెప్పాలి, చెప్పకపోతే అన్యాయం. మా కాలంలో పనుల పంపకం సమంగా లేదు. మగపిల్లాడి వంతు ఇంటి బయట ఉండేది, పని ముగియగానే ఆటకు పోయేవాడు. ఆడపిల్ల వంతు ఇంట్లో, తెల్లారి మొదలైతే అంట్లు తోమేదాకా. చంకలో చెల్లిని ఎత్తుకుని బడి గోడ అవతల నిలబడి పాఠం విన్న పిల్లల్ని నేను ఎరుగుదును. ఇంటిపని కోసం ఆడపిల్లను బడి మాన్పించిన ఇళ్ళు మా వీధిలోనే బోలెడు. పని చెప్పడమంటే అది కాదు. పనిని ఆడా మగా తేడా లేకుండా పంచాలి. మగపిల్లాడు అన్నం వండాలి, ఇల్లు ఊడవాలి, తన బట్టలు తనే ఉతుక్కోవాలి. ఆడపిల్ల మోటారు వేయాలి, ఫ్యూజు పోతే ఎవరిని పిలవాలో తెలుసుకోవాలి, బ్యాంకుకు పోయి రావాలి.

ఇంటిపని వేరు, కూలి వేరు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడేవాళ్ళతో నాకు పేచీ. పసితనంలోనే ఇంకొకరి ఇంట్లో జీతానికి కుదిరి, పసుల వెంట తిరిగి, చద్దన్నం తిని దొడ్లో పడుకున్న పిల్లలు మా కాలంలో ఉన్నారు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతముండేవాడు. అది నేరం. దాన్ని బాధ్యత నేర్పడం అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఎం.వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో అటువంటి పిల్లల్ని పని నుంచి విడిపించి బళ్ళకు పంపింది. ఆ పనిని నడిపించిన శాంతా సిన్హా గారికి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికురాలేనని వాళ్ళు తేల్చి చెప్పారు. ఆ మాట వందపాళ్ళు నిజం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ బడి హక్కు ఇచ్చింది. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలో పెట్టుకున్నా నేరమంది. బడి వేళ అయ్యాక, సెలవుల్లో ప్రమాదం లేని ఇంటి పనికి చెయ్యి సాయం చేయవచ్చని కూడా అదే చట్టం చెప్పింది. గీత ఎక్కడుందో చట్టమే చూపించింది. బడి ముందు, ఆట తర్వాత, వాటికి అడ్డురాని పని ఆ తర్వాత. ఈ వరస తప్పనంత కాలం పిల్లకు పని చెప్పడంలో తప్పు లేదు.

బడిలో పనుల విషయంలోనూ ఇట్లాగే గందరగోళం. మా రోజుల్లో తరగతి గది మేమే ఊడ్చేవాళ్ళం, బోర్డుకు మసి పూసేవాళ్ళం, కుండలో నీళ్ళు నింపేవాళ్ళం, బడి తోటలో వంగ, బెండ పెంచేవాళ్ళం. ఇప్పుడు పిల్లల చేతిలో చీపురు కనిపిస్తే ఫొటో తీసి పెట్టేస్తున్నారు. కొన్నిచోట్ల ఆ కోపం న్యాయమైనదే. ఏ వాడ పిల్లల చేత చీపురు పట్టించారు, ఏ వాడ పిల్లల్ని కూర్చోబెట్టారు అన్న లెక్క మా తరానికి బాగా తెలుసు. పంతులు ఇంటి పనికి పిల్లల్ని పంపినవాళ్ళూ ఉన్నారు. దానికి మందు చీపురును దాచేయడం కాదు. వరస వేయాలి. పటేలు మనవడికీ, కూలి మనిషి కూతురికీ ఒకే వరసలో వంతు రావాలి. నా తరగతిలో నేను అదే చేశాను. మధ్యాహ్న భోజనం అయ్యాక ప్రతి పిల్లా తన కంచం తనే కడిగేది, వడ్డించడం రోజుకొకరి వంతు. ఎవరు వడ్డించినా అందరూ తినాలి. ఆ వరస పిల్లలకు నేర్పినంత, సమానత్వం మీద నేను చెప్పిన పాఠం నేర్పలేదు.

ఇదేమీ పల్లెటూరి ముసలమ్మ ఛాదస్తం కాదు. గాంధీ గారు 1910లో దక్షిణాఫ్రికాలో టాల్‌స్టాయ్ ఫారం పెట్టినప్పుడు అక్కడ నౌకర్లే లేరు. వంట నుంచి పాకీ పని దాకా పెద్దలూ పిల్లలూ కలిసే చేశారు. 1937లో వార్ధాలో జరిగిన విద్యా సభలో ఆయన చెప్పిందీ, ఆ తర్వాత నయీ తాలీం అన్న పేరుతో నడిచిందీ చేతి పని చుట్టూ అల్లిన చదువే. మారియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో కూలి వాడ పిల్లలకు బడి పెట్టి, నీళ్ళు ఒంపడం, బల్ల తుడవడం, బొత్తాలు పెట్టుకోవడం పాఠాలుగా చేసింది. పగిలే గాజు సామానే పిల్లల చేతికిచ్చింది, జాగ్రత్త వస్తుందని. ఆమె 1939లో మద్రాసు అడయార్‌కు వచ్చి ఇక్కడి పంతుళ్ళకు శిక్షణ ఇచ్చింది. జపాన్‌లో ఇవాళ్టికీ బడి పిల్లలు తమ గదులు, వరండాలు తామే శుభ్రం చేసుకుంటారు. వాళ్ళ పిల్లలు చదువులో వెనకబడ్డారని ఎవరూ అనలేదు. మన దగ్గర మాంటిస్సోరి పేరు బోర్డు మీద రాసి, ఆయమ్మ చేత పిల్లల బూట్ల లేసులు కట్టిస్తున్నారు.

గురుకులాల పిల్లలు ఇందులో నాకు కాస్త ఊరట. 1971లో పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సర్వేల్‌లో మొదలైన గురుకులం నుంచి ఇప్పటి సంక్షేమ గురుకులాల దాకా, అక్కడి పిల్లలు తమ బట్టలు, తమ కంచం, తమ పెట్టె తామే చూసుకుంటారు. సెలవులకు ఇంటికి వస్తే ఏం జరుగుతోంది? తల్లి సబ్బు లాక్కుంటుంది. "అక్కడ ఎట్లాగూ కష్టపడుతున్నాడు, ఇక్కడన్నా సుఖపడనీ" అంటుంది. నెలల తరబడి వచ్చిన అలవాటు సెలవుల్లోనే పోతుంది.

పని రాని మనిషి గతి ఏమిటో కష్టకాలంలో తెలుస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు పట్నాల నుంచి ఊళ్ళకు వచ్చిన కుర్రాళ్ళను చూశాను. పెద్ద జీతాలవాళ్ళు, కుక్కర్‌లో ఎన్ని నీళ్ళు పోయాలో తెలియదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో ఇళ్ళ నిండా బురద మేట వేసింది. ఆ బురద ఎత్తి, ఇల్లు కడిగి, తడిసిన బియ్యం, బట్టలు ఎండబెట్టి మళ్ళీ సంసారం నిలబెట్టుకోవాలి. అక్కడ ర్యాంకు పనికిరాలేదు. పార, చీపురు పట్టిన చెయ్యి, ముందు ఏది చేయాలో తెలిసిన బుర్ర పనికొచ్చాయి. అటువంటి రోజు ఏ ఇంటికైనా వస్తుంది. ఆ రోజు పిల్లలు గుమ్మంలో నిలబడి ఏడవాలా, కొంగు బిగించి దిగాలా అన్నది మీరు ఇప్పుడు పెంచే తీరును బట్టి ఉంటుంది.

ఇంత గొణిగాను కదా, మరి ఏం చేయమంటావంటే చెబుతాను. కోళ్ళ గంపలు, లాంతర్లు మళ్ళీ తెచ్చుకోనక్కర్లేదు. ఇప్పటి ఇంట్లో ఇప్పటి పనులే బోలెడున్నాయి. నాలుగైదేళ్ళ పిల్ల చెప్పులు వరసగా పెట్టగలదు, అన్నానికి కంచాలు వేయగలదు, తన కంచం తీసుకుపోయి పెట్టగలదు. ఏడెనిమిదేళ్ళకు ఉతికిన బట్టలు మడత పెట్టవచ్చు, తులసి చెట్టుకూ మందార చెట్టుకూ నీళ్ళు పోయవచ్చు, చిక్కుడుకాయలు ఒలవవచ్చు. మా పంచాయతీ ట్రాక్టర్ చెత్తకు వస్తుంది. తడి చెత్త, పొడి చెత్త విడిగా పెట్టి ఆ వేళకు అందించడం తొమ్మిదేళ్ళ పిల్లాడికి అప్పగించండి. మర్చిపోతే ఆ రోజు చెత్త ఇంట్లోనే ఉంటుంది, వాసన వాడికే తగులుతుంది. పైన ట్యాంకు నిండాక మోటారు కట్టేయడం ఒకరిది. పొర్లి నీళ్ళు వాకిట్లోకి వస్తే కడగాల్సిందీ వాళ్ళే. పది దాటాక బియ్యం కొలిచి అన్నం వండటం, పెద్దవాళ్ళు పక్కన నిలబడి నేర్పాలి. పన్నెండేళ్ళకు తాత బీపీ గోలీ, నాయనమ్మ షుగర్ గోలీ వేళకు అందించి, ఎన్ని మిగిలాయో చూసుకుని, అయిపోయే ముందే చెప్పడం. పద్నాలుగేళ్ళ పిల్ల చేత కరెంటు బిల్లు చదివించండి, ఇంటి నెల ఖర్చు ఒక నోటుపుస్తకంలో రాయించండి. నాన్న జీతం, అమ్మ కూలి ఎట్లా పోతున్నాయో చూసిన పిల్ల కొత్త ఫోన్ అడిగే ముందు రెండుసార్లు ఆలోచిస్తుంది.

పని ఇచ్చేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోండి. మొదటిది, పనిని ముక్కలుగా ఇవ్వకండి, మొత్తం ఇవ్వండి. "కాస్త ఆ గిన్నె అందుకో" అంటే వాడు మీ చెయ్యి మాత్రమే అవుతాడు. "మొక్కలు నీవి" అంటే వాటి ఆలనాపాలనా వాడిదే అవుతుంది. రెండోది, వాళ్ళు చేసిన పనిని వాళ్ళ వెనకాల మళ్ళీ చేయకండి. వంకరగా మడిచిన చీరను పిల్ల చూస్తుండగానే మీరు విప్పి మళ్ళీ మడిస్తే, ఆ పిల్ల రేపు చెయ్యి పెట్టదు. వంకర మడత నెలకు సరిగా వస్తుంది, ఆగండి. మూడోది, పనికి డబ్బు ఇవ్వకండి. అంట్లు తోమితే పది రూపాయలంటే, డబ్బు అక్కర్లేని రోజు అంట్లు తోమడు. ఇల్లు వాడిది, వాడు తిన్న కంచం వాడిది, దానికి కూలి ఏమిటి? నాలుగోది, పనిని శిక్షగా వాడకండి. మార్కులు తగ్గాయని ఇల్లు ఊడవమంటే, ఊడవడం తక్కువ పనని మీరే నేర్పినట్టు. మన సమాజంలో ఆ జబ్బు ఇప్పటికే ముదిరి ఉంది, దానికి మళ్ళీ ఎరువు వేయవద్దు. అయిదోది తండ్రులకు. మీరు సోఫాలో కూర్చుని కొడుకును పని చేయమంటే వాడు చేయడు. మీరు కంచం కడిగితే వాడు కడుగుతాడు.

పరీక్షల రోజుల్లో సడలించండి, ఒంట్లో బాగాలేకపోతే మాన్పించండి, ఆటను మాత్రం ఎన్నడూ తీసేయకండి. రోజుకు అరగంట పనితో ఏ ర్యాంకూ పోదు. ఫోన్‌కు పోతున్న గంటల్లో అరగంట ఇటు తిప్పితే చాలు.

అమ్మా, నాయనా, మీరు పిల్లల కోసం పొలాలు అమ్ముతున్నారు, అప్పులు చేస్తున్నారు, మీ ఒళ్ళు హూనం చేసుకుంటున్నారు. ఆ ప్రేమను తక్కువ చేసి మాట్లాడను. కానీ వాళ్ళ కోసం అన్నీ చేసి పెట్టేవాళ్ళుగా మాత్రమే మీరు మిగిలిపోతే, మీ చేతిలో సత్తువ తగ్గిన రోజు మీకు ఏం చేయాలో వాళ్ళకు తెలియదు. మంచి పిల్లలైనా తెలియదు, ఎందుకంటే ఎన్నడూ చేయలేదు. పెద్దల్ని చూసుకోవడం ముప్పై ఏళ్ళ వయసులో ఒక్కసారిగా వచ్చే విద్య కాదు. తాతకు గోలీ అందించిన పిల్లకు వస్తుంది, చెల్లికి అన్నం పెట్టిన అన్నకు వస్తుంది.

అందుకే నేను ఏ ఇంటికి పోయినా పిల్లల్ని మార్కులెన్ని వచ్చాయని అడగడం మానేశాను. "ఈ ఇంట్లో నీ వంతు పనేది, బిడ్డా?" అని అడుగుతున్నాను. చాలామంది తల్లి మొహం చూస్తున్నారు. వచ్చే ఆదివారం మీ పిల్లల్ని కూర్చోబెట్టుకుని, వాళ్ళు చేయకపోతే ఇంట్లో నిజంగా ఆగిపోయే పని ఒక్కటి ఎంచి అప్పగించండి. అప్పగించాక మీరు పక్కకు జరగండి.